పడమటి ఓటు.. పొరుగూరి సీటు

పాత చిత్తూరు లోక్‌సభ స్థానం ఎన్నికల చరిత్ర

మదనపల్లె, పుంగనూరు, కుప్పం. పాత చిత్తూరు జిల్లా పడమటి అంచున, కర్ణాటక, తమిళనాడు సరిహద్దులను ఆనుకుని ఉన్న ఈ మూడు ప్రాంతాలను జిల్లా వాసులు 'పడమటి మండలాలు' అనే వ్యవహరిస్తారు. 1952 నుంచి 2024 వరకు దేశంలో 18 సార్లు లోక్‌సభ సాధారణ ఎన్నికలు జరిగాయి. ఒక్కసారి కూడా ఈ మూడు ఊళ్లలో ఏదీ లోక్‌సభ స్థానానికి పేరు కాలేదు. ఇక్కడి ఓటరు తన పార్లమెంటు సభ్యుడిని చిత్తూరు పేరుతోనో, రాజంపేట పేరుతోనో ఎన్నుకుంటూ వచ్చాడు. పేరు దక్కకపోయినా ఫలితాన్ని తేల్చడంలో మాత్రం పడమటి ఓటు పలుమార్లు ముందు నిలిచింది. 1952లో మొదలై, 2009లో ఎస్సీ రిజర్వుడ్‌గా మారేంత వరకు సాగిన పాత చిత్తూరు స్థానం చరిత్రను, ఆ తరువాతి పరిణామాలను పరిశీలిస్తే ఈ విషయం తేటతెల్లమవుతుంది.

అతుకుల జిల్లా

చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి తాలూకాలు, కడప జిల్లా నుంచి మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు వచ్చి చేరాయి. పుంగనూరు జమీందారీ ప్రాంతం కూడా అందులో కలిసింది. కుప్పం ప్రాంతం కంగుంది జమీందారీ కింద ఉండేది. అంటే నేడు ఒకే గొంతుతో 'పడమర' అని పిలుచుకుంటున్న నేల మూడు వేర్వేరు పాలనల నుంచి వచ్చింది. మదనపల్లె వారికి కడపతోనూ, కుప్పం వారికి అటు తమిళ, ఇటు కన్నడ ప్రాంతాలతోనూ రాకపోకలు ఎక్కువ. జిల్లా కేంద్రమైన చిత్తూరుకు కుప్పం నుంచి నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలి. బెంగళూరుకూ దాదాపు అంతే దూరం కావడంతో కుప్పం జనం పనులకు, బేరాలకు బెంగళూరు రైలే ఎక్కుతారు.

ఓటింగ్ తీరులోనూ తొలి నుంచి ఈ వైవిధ్యం కనిపిస్తుంది. తొలి ఎన్నికల కాలంలో మదనపల్లె నుంచి దొడ్డా సీతారామయ్య, కుప్పం నుంచి ఏ.పి.వజ్రవేలు శెట్టి కమ్యూనిస్టు అభ్యర్థులుగా గెలిచి శాసనసభలో అడుగుపెట్టారు. జమీందారీల గడ్డపై కమ్యూనిస్టులు గెలవడం నేటి తరానికి వింతగా తోచవచ్చు.

రెండు ఓట్ల ఎన్నిక

1952లో తొలి ఎన్నికలు జరిగేనాటికి చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో భాగం. చిత్తూరు లోక్‌సభ స్థానం నుంచి కాంగ్రెస్ అభ్యర్థి టి.ఎన్.విశ్వనాథరెడ్డి ఎన్నికయ్యారు. తిరుపతి స్థానం నుంచి మాడభూషి అనంతశయనం అయ్యంగార్ గెలుపొందారు. ఆయన తిరుచానూరు వాసి. తొలి లోక్‌సభలో ఉప సభాపతిగా ఎన్నికై, సభాపతి మావలంకర్ మరణానంతరం 1956లో సభాపతి పీఠం అధిష్టించారు.

1957 నాటికి పటం మారింది. ఆంధ్రప్రదేశ్ అవతరించింది. రాజంపేట పేరుతో కొత్త స్థానం వచ్చింది, తిరుపతి పేరు మాయమైంది. చిత్తూరు ద్విసభ్య నియోజకవర్గమైంది. అంటే ఒకే స్థానం నుంచి ఇద్దరు సభ్యులు, వారిలో ఒకరు తప్పనిసరిగా షెడ్యూల్డు కులాల వారు. ఓటరుకు రెండు ఓట్లు ఉండేవి. ఆ రెంటినీ ఒకే అభ్యర్థికి వేసే వీలు లేదు. ఈ పద్ధతిలో అనంతశయనం అయ్యంగార్, ఎం.వి.గంగాధర శివ చిత్తూరు నుంచి కాంగ్రెస్ తరఫున ఎన్నికయ్యారు. విశ్వనాథరెడ్డి రాజంపేటకు మారి అక్కడ విజయం సాధించారు. ఆంధ్ర ప్రాంతంలో శాసనసభకు 1955లోనే ఎన్నికలు జరిగినందున 1957లో ఇక్కడి ఓటరుకు పార్లమెంటు ఎన్నిక ఒక్కటే వచ్చింది. శాసనసభ అభ్యర్థుల హోరు లేకుండా, కేవలం ఢిల్లీకి పంపేవారి కోసం జరిగిన తొలి ఎన్నిక అది.

ద్విసభ్య విధానాన్ని 1961లో రద్దు చేశారు. 1962లో తిరుపతి ఎస్సీ రిజర్వుడ్ స్థానంగా తిరిగి వచ్చింది. సి.దాస్ అక్కడ గెలిచారు. చిత్తూరు జనరల్ స్థానంగా నిలిచింది. ఈ మధ్యలో మరో మార్పు చోటుచేసుకుంది. పటాస్కర్ సిఫార్సుల మేరకు 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం మద్రాసు రాష్ట్రానికి వెళ్లిపోయింది. తూర్పున కొంత పోవడంతో జిల్లా లెక్కల్లో పడమర బరువు ఆ మేరకు పెరిగినట్లయింది.

అయ్యంగార్ ఖాళీ చేసిన కుర్చీలో రంగా

1962 సాధారణ ఎన్నికల్లో చిత్తూరు నుంచి అనంతశయనం అయ్యంగారే మళ్లీ గెలిచారు. అయితే అదే ఏడాది ఆయన బీహారు గవర్నరుగా నియమితులయ్యారు. ఖాళీ అయిన స్థానానికి ఉప ఎన్నిక అనివార్యమైంది. జిల్లా ఎన్నికల చరిత్రలో అత్యంత ఆసక్తికరమైన ఘట్టాల్లో ఇదొకటి.

గుంటూరు జిల్లా నిడుబ్రోలుకు చెందిన రైతు నాయకుడు ఆచార్య ఎన్.జి.రంగా అప్పటికి స్వతంత్ర పార్టీ వ్యవస్థాపక అధ్యక్షుడు. 1959లో రాజాజీతో కలిసి ఆ పార్టీని స్థాపించిన ఆయన, 1962 సాధారణ ఎన్నికల్లో సొంత ప్రాంతమైన తెనాలిలో ఓటమి చవిచూశారు. పార్టీ అధ్యక్షుడు సభలో లేని పరిస్థితి. ఆ లోటును చిత్తూరు ఓటర్లు తీర్చారు. ఉప ఎన్నికలో రంగా విజయం సాధించి మూడో లోక్‌సభలో చిత్తూరు సభ్యుడిగా కూర్చున్నారు. నిన్నటి వరకు లోక్‌సభ సభాపతి ప్రాతినిధ్యం వహించిన స్థానం ఒక్క ఏడాది లోపే ప్రతిపక్ష పార్టీ అధ్యక్షుడి చేతికి వచ్చింది. రాజంపేటలోనూ 1962లో స్వతంత్ర పార్టీ అభ్యర్థి సి.ఎల్.నరసింహారెడ్డే గెలిచారు. నెహ్రూ జీవించి ఉన్న రోజుల్లోనే చిత్తూరు, రాజంపేట రెండూ కాంగ్రెస్‌కు దక్కకపోవడం గమనార్హం.

రంగా చిత్తూరులో రెండోసారి నిలబడలేదు. 1967లో శ్రీకాకుళం వెళ్లి అక్కడ గెలిచారు. స్థానికేతరుడిని ఆదరించి ఢిల్లీకి పంపిన ఓటర్లకు ఆయన మళ్లీ కనిపించకపోవడం ఆ రోజుల్లో కొంత నిరాశ కలిగించే విషయమే.

కాంగ్రెస్ కాలం

తరువాతి రెండు దశాబ్దాలు చిత్తూరులో కాంగ్రెస్‌కు పెద్దగా ఎదురులేదు. 1967లో ఎన్.పి.చెంగల్రాయ నాయుడు, 1971లో పి.నరసింహారెడ్డి, 1977, 1980లలో పాటూరి రాజగోపాల నాయుడు ఎన్నికయ్యారు. దేశమంతా జనతా గాలి వీచిన 1977లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే దక్కాయి. నంద్యాలలో నీలం సంజీవరెడ్డి మాత్రమే జనతా పక్షాన నెగ్గారు.

రాజగోపాల నాయుడి గురించి ప్రత్యేకంగా చెప్పుకోవలసి ఉంది. దిగువమాఘానికి చెందిన ఆయన రైతు ఉద్యమాల నుంచి వచ్చిన నాయకుడు, రచయిత. తిరుపతి కేంద్రంగా రాష్ట్రీయ సేవా సమితిని స్థాపించారు. తరువాతి కాలంలో మంత్రిగా పనిచేసిన గల్లా అరుణకుమారి ఆయన కుమార్తె. 1978లో చంద్రగిరి నుంచి కాంగ్రెస్ టిక్కెట్టుపై తొలిసారి శాసనసభకు వెళ్లిన నారా చంద్రబాబు నాయుడు రాజకీయంగా ఆయన ప్రోత్సాహంతో ఎదిగిన యువకుల్లో ఒకరు.

1984లో తెలుగుదేశం ప్రభంజనంలో ఎన్.పి.ఝాన్సీలక్ష్మి గెలుపొందారు. 1952 నుంచి 2024 వరకు చిత్తూరు లోక్‌సభకు ఎన్నికైన ఏకైక మహిళ ఆమే. 1989, 1991 ఎన్నికల్లో కాంగ్రెస్ అభ్యర్థి ఎం.జ్ఞానేంద్రరెడ్డి వరుసగా రెండుసార్లు గెలిచారు. చిత్తూరులో కాంగ్రెస్ జెండా ఎగిరిన చివరి ఎన్నిక 1991దే.

కుప్పం మలుపు

1983లో చంద్రగిరిలో తెలుగుదేశం అభ్యర్థి మేడసాని వెంకట్రామ నాయుడి చేతిలో ఓడిన చంద్రబాబు, ఆ తరువాత తెలుగుదేశంలో చేరారు. 1985లో పోటీకి దూరంగా ఉన్న ఆయన 1989లో ఎంచుకున్న స్థానం కుప్పం. 1983, 1985లలో తెలుగుదేశం అభ్యర్థి ఎన్.రంగస్వామి నాయుడు అక్కడ గెలిచి ఉన్నారు. రాష్ట్రం చిట్టచివర, రెండు పొరుగు రాష్ట్రాల మధ్య ఇరుక్కున్న ఆ నియోజకవర్గం అప్పట్లో రాష్ట్ర రాజకీయాల్లో ఎవరి నోటా నలిగే పేరు కాదు. 1989లో చంద్రబాబుకు వచ్చిన ఆధిక్యం 6,918 ఓట్లు మాత్రమే.

1994లో అది 56,588కి ఎగబాకింది. 1995 సెప్టెంబరులో ఆయన ముఖ్యమంత్రి అయ్యాక కుప్పం ముఖ్యమంత్రి నియోజకవర్గమైంది. 1999లో ఆధిక్యం 65,687. కాంగ్రెస్ గాలి బలంగా వీచి తెలుగుదేశం 294 స్థానాల్లో 47కే పరిమితమైన 2004లోనూ కుప్పం 59,558 ఓట్ల ఆధిక్యం ఇచ్చింది.

చిత్తూరు లోక్‌సభ ఫలితాలను దీనికి పక్కన పెట్టి చూడాలి. 1996, 1998, 1999లలో వరుసగా తెలుగుదేశం అభ్యర్థి నూతనకాల్వ రామకృష్ణారెడ్డి గెలిచారు. ఆయన పుంగనూరు శాసనసభ్యుడిగా పనిచేసి లోక్‌సభకు మారిన నాయకుడు. 1996లో ఆయన వదిలిన పుంగనూరు స్థానానికి జరిగిన ఉప ఎన్నికలో కుమారుడు అమరనాథరెడ్డి గెలిచారు. చిత్తూరు పేరుతో ఉన్న స్థానంలో పుంగనూరు నాయకుడు, ఆయనకు వెన్నుదన్నుగా కుప్పం ఓట్లు. పడమటి మండలాలు ఢిల్లీలో నేరుగా మాట వినిపించిన కాలం ఏదైనా ఉంటే అది ఈ ఎనిమిదేళ్లే.

2004లో పారిశ్రామికవేత్త డి.కె.ఆదికేశవులు నాయుడు తెలుగుదేశం అభ్యర్థిగా గెలిచారు. ఆ ఏడాది రాష్ట్రం మొత్తం మీద తెలుగుదేశానికి వచ్చిన లోక్‌సభ స్థానాలు 5. అందులో చిత్తూరు ఒకటి. అయితే 2008 జులైలో యూపీఏ ప్రభుత్వంపై విశ్వాస పరీక్ష జరిగినప్పుడు ఆయన పార్టీ నిర్ణయాన్ని కాదని ప్రభుత్వానికి మద్దతు పలికారు. అనంతరం తిరుమల తిరుపతి దేవస్థానం పాలకమండలి అధ్యక్షుడయ్యారు. పాత చిత్తూరు జనరల్ స్థానానికి చివరి ప్రతినిధి ఆయనే.

2008లో గీసిన గీత

2001 జనాభా లెక్కల ఆధారంగా 2008లో నియోజకవర్గాల పునర్విభజన అమలులోకి వచ్చింది. స్థానాల సంఖ్య మారలేదు, హద్దులూ రిజర్వేషన్లూ మారాయి. చిత్తూరు లోక్‌సభ ఎస్సీలకు రిజర్వు అయ్యింది. తిరుపతి అప్పటికే ఎస్సీ స్థానం. నేటి ఆంధ్రప్రదేశ్ పరిధిలో ఉన్న 25 లోక్‌సభ స్థానాల్లో ఎస్సీలకు కేటాయించినవి నాలుగు: అమలాపురం, బాపట్ల, తిరుపతి, చిత్తూరు. వాటిలో రెండు ఒక్క పాత చిత్తూరు జిల్లాలోనే ఉన్నాయి.

కొత్త చిత్తూరులో చంద్రగిరి, నగరి, గంగాధర నెల్లూరు, చిత్తూరు, పూతలపట్టు, పలమనేరు, కుప్పం శాసనసభ స్థానాలు చేరాయి. మదనపల్లె, పుంగనూరు, పీలేరు, తంబళ్లపల్లె స్థానాలను కడప జిల్లాలోని రాజంపేట, కోడూరు, రాయచోటితో కలిపి రాజంపేట లోక్‌సభగా చేశారు. కుప్పం, పుంగనూరు ప్రాంతాలు వేర్వేరు లోక్‌సభ స్థానాల్లో పడ్డాయి.

శాసనసభ స్థాయిలో జరిగింది కుర్చీలాటే. వాయల్పాడు, వేపంజేరి, పుత్తూరు నియోజకవర్గాలు పటం నుంచి తొలగిపోయాయి. వాయల్పాడు రద్దు కావడంతో నల్లారి కిరణ్‌కుమార్‌రెడ్డి పీలేరుకు మారారు. పీలేరులో అంతవరకు గెలుస్తూ వచ్చిన పెద్దిరెడ్డి రామచంద్రారెడ్డి పుంగనూరుకు వచ్చారు. పుంగనూరులో ఉన్న అమరనాథరెడ్డి, కొత్తగా జనరల్ అయిన పలమనేరుకు తరలిపోయారు. 2009లో ఈ ముగ్గురూ తమ కొత్త చోట్ల నెగ్గారు. 2010 నవంబరులో కిరణ్‌కుమార్‌రెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు.

కుప్పం లెక్క

రిజర్వుడ్ అయ్యాక చిత్తూరులో జరిగిన తొలి రెండు ఎన్నికలు కుప్పం బలాన్ని అంకెల్లో చూపించాయి. 2009లో ఏడు శాసనసభ స్థానాల్లో నాలుగింటిని కాంగ్రెస్ గెలుచుకుంది. తెలుగుదేశానికి నగరి, పలమనేరు, కుప్పం దక్కాయి. లోక్‌సభకు మాత్రం తెలుగుదేశం అభ్యర్థి ఎన్.శివప్రసాద్ 10,659 ఓట్ల ఆధిక్యంతో గట్టెక్కారు. అదే రోజు కుప్పంలో చంద్రబాబు ఆధిక్యం 46,066.

2014లో ఈ వ్యత్యాసం మరింత కొట్టొచ్చినట్లు కనిపించింది. ఏడింటిలో ఐదు స్థానాలు వైఎస్సార్ కాంగ్రెస్ ఖాతాలో పడ్డాయి. చిత్తూరు, కుప్పం మాత్రమే తెలుగుదేశానికి మిగిలాయి. నగరిలో రోజా 858 ఓట్లతో బయటపడ్డారు. అయినా శివప్రసాద్ 44,138 ఓట్ల ఆధిక్యంతో రెండోసారి ఎంపీ అయ్యారు. కుప్పంలో ఆ ఏడాది చంద్రబాబుకు వచ్చిన ఆధిక్యం 47,121. శాసనసభకు వేసే ఓటు, లోక్‌సభకు వేసే ఓటు వేర్వేరు కనుక ఈ రెండు అంకెలను ఒకదాని నుంచి ఒకటి తీసివేసి చూడటం సాంకేతికంగా సరికాదు. కానీ ఐదు చోట్ల ఓడిన పార్టీ ఎంపీ స్థానాన్ని నిలబెట్టుకోవడానికి మరో వివరణ వెతకడం కష్టమే.

శివప్రసాద్ వృత్తిరీత్యా వైద్యుడు, సినీ నటుడు. రాష్ట్రానికి ప్రత్యేక హోదా కోసం పార్లమెంటు ఆవరణలో రోజుకో వేషంతో నిరసన తెలిపి దేశవ్యాప్తంగా గుర్తింపు పొందారు. 2019 ఎన్నికల్లో వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి ఎన్.రెడ్డెప్ప చేతిలో 1,37,271 ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఆ ఏడాది పాత చిత్తూరు జిల్లాలోని 14 శాసనసభ స్థానాల్లో తెలుగుదేశానికి దక్కింది కుప్పం ఒక్కటే. అక్కడా ఆధిక్యం 30,722కి తగ్గింది. మిగతా ఆరు చోట్లా వెనుకబడితే ఒక్క కుప్పం ఎంపీని మోయలేదని ఆ ఫలితం చెప్పింది. శివప్రసాద్ అదే ఏడాది సెప్టెంబరులో కన్నుమూశారు.

2021 నవంబరులో కుప్పం పురపాలక సంఘానికి జరిగిన తొలి ఎన్నికల్లో 25 వార్డులకు గాను 19 వైఎస్సార్ కాంగ్రెస్ గెలుచుకోవడంతో కోట బీటలు వారిందన్న ప్రచారం జరిగింది. 2024లో చంద్రబాబు 48,006 ఓట్ల ఆధిక్యంతో ఎనిమిదోసారి కుప్పం నుంచి గెలిచారు. చిత్తూరు లోక్‌సభలో తెలుగుదేశం అభ్యర్థి దగ్గుమళ్ల ప్రసాదరావు 2,20,479 ఓట్ల ఆధిక్యం సాధించారు. 1996 నుంచి 2024 వరకు జరిగిన ఎనిమిది లోక్‌సభ ఎన్నికల్లో ఏడింటిలో చిత్తూరు తెలుగుదేశానిదే.

రాజంపేట పేరు, పడమటి పోరు

మదనపల్లె, పుంగనూరు ఓటర్ల కథ వేరు. 2009 నుంచి వారు ఓటు వేస్తున్న రాజంపేట పట్టణం మదనపల్లెకు నూరు కిలోమీటర్లకు పైగా దూరంలో, రాయచోటి దాటి అవతల ఉంది. ఏడు శాసనసభ స్థానాల్లో నాలుగు పాత చిత్తూరు జిల్లావి, మూడు కడప జిల్లావి. ఎక్కువ స్థానాలు పడమటి వైపున ఉన్నా పేరు రాజంపేటదే.

2009లో కాంగ్రెస్ అభ్యర్థి ఎ.సాయిప్రతాప్ గెలిచారు. 2014 నుంచి పోటీ రూపమే మారింది. చిత్తూరు, తిరుపతి రెండూ రిజర్వుడ్ కావడంతో పాత చిత్తూరు జిల్లాకు చెందిన జనరల్ కేటగిరీ నాయకులకు లోక్‌సభ కోసం మిగిలిన దారి రాజంపేట ఒక్కటే. పుంగనూరు శాసనసభ్యుడు పెద్దిరెడ్డి రామచంద్రారెడ్డి కుమారుడు మిథున్‌రెడ్డి 2014లో వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున భాజపా అభ్యర్థి దగ్గుబాటి పురందేశ్వరిపై 1,74,762 ఓట్ల తేడాతో నెగ్గారు. 2019లో ఆయన ప్రత్యర్థి డి.ఎ.సత్యప్రభ. ఆమె ఆదికేశవులు నాయుడి సతీమణి, అంతకుముందు చిత్తూరు శాసనసభ్యురాలు. చిత్తూరు జనరల్‌గానే ఉండి ఉంటే ఆ కుటుంబం రాజంపేట వరకు రావలసిన అవసరం ఉండేది కాదన్నది రాజకీయ వర్గాల్లో తరచూ వినిపించే మాట. మిథున్‌రెడ్డి ఆధిక్యం ఆ ఎన్నికలో 2,68,284.

2024లో భాజపా మాజీ ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్‌రెడ్డిని బరిలోకి దించింది. వాయల్పాడు, పీలేరు రాజకీయాల్లో ఎదిగిన ఆయనకూ, పీలేరు నుంచి పుంగనూరుకు మారిన పెద్దిరెడ్డి కుటుంబానికీ మధ్య దశాబ్దాల వైరం ఉంది. రాజంపేట పేరిట జరిగిన ఈ పోరులో ఇద్దరు అభ్యర్థులూ పడమటి వైపు వారే. శాసనసభ స్థానాల్లో మదనపల్లె, పీలేరు, రాయచోటి, కోడూరు తెలుగుదేశం కూటమికి, పుంగనూరు, తంబళ్లపల్లె, రాజంపేట వైఎస్సార్ కాంగ్రెస్‌కు దక్కాయి. లోక్‌సభ మాత్రం 76,071 ఓట్ల ఆధిక్యంతో మళ్లీ మిథున్‌రెడ్డినే వరించింది. రాష్ట్రంలో ఆ ఏడాది వైఎస్సార్ కాంగ్రెస్ గెలిచిన నాలుగు లోక్‌సభ స్థానాల్లో ఇదొకటి. పుంగనూరులో తండ్రి ఆధిక్యం 6,095కి పడిపోయినా కుమారుడు నిలదొక్కుకున్నారు. శాసనసభకు ఒక గుర్తు, లోక్‌సభకు మరో గుర్తు నొక్కిన ఓటర్లు ఈ ప్రాంతంలో తక్కువేమీ కాదని దీన్నిబట్టి తెలుస్తోంది. 2014లో చిత్తూరులో జరిగినదే ఇక్కడ పార్టీలు తారుమారై జరిగింది.

మదనపల్లె శాసనసభ తీర్పు మరీ విలక్షణం. 2004లో తెలుగుదేశం అభ్యర్థి దొమ్మలపాటి రమేష్, 2009లో కాంగ్రెస్ నుంచి ఎం.షాజహాన్ బాషా, 2014లో వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి దేశాయి తిప్పారెడ్డి, 2019లో అదే పార్టీ నుంచి నవాజ్ బాషా, 2024లో తెలుగుదేశం గుర్తుపై మళ్లీ షాజహాన్ బాషా. వరుసగా ఐదు ఎన్నికల్లో ఒక్కరికీ వెంటనే రెండో అవకాశం ఇవ్వలేదు. కుప్పం ఒకే నాయకుడిని 1989 నుంచి నిలబెట్టుకుంటుండగా, ఈ పట్టణం ప్రతిసారీ కొత్త ముఖాన్ని వెతుక్కుంది.

గీతే జిల్లా అయింది

లోక్‌సభ హద్దులు ఓటరు జాబితాకే పరిమితమైనంత కాలం ఊరి పేరు గురించి పెద్దగా పట్టింపు లేకపోయింది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 26 జిల్లాలు ఏర్పడినప్పుడు లోక్‌సభ నియోజకవర్గాన్నే ప్రాతిపదికగా తీసుకున్నారు. దాంతో 2008లో గీసిన గీత కలెక్టరేటు ఎక్కడ ఉండాలో తేల్చే గీతగా మారింది. రాజంపేట లోక్‌సభ ఆధారంగా అన్నమయ్య జిల్లా ఏర్పడి, కేంద్రంగా రాయచోటిని నిర్ణయించారు. సబ్ కలెక్టర్ కార్యాలయం, అనిబిసెంట్ పేరుతో 1915లో వెలసిన కళాశాల, పెద్ద టమోటా మార్కెట్టు ఉన్న మదనపల్లెకు జిల్లా కేంద్రం దక్కలేదని అక్కడ ఆందోళనలు సాగాయి. రాజంపేటలోనూ ఇదే అసంతృప్తి వ్యక్తమైంది. లోక్‌సభకు పేరు ఇచ్చిన పట్టణం కూడా జిల్లా కేంద్రం కాలేకపోయింది.

పుంగనూరు విషయంలో ఈ ప్రాతిపదికను సడలించారు. లోక్‌సభకు రాజంపేటలో ఉన్నా పుంగనూరును 2022లో చిత్తూరు జిల్లాలోనే కొనసాగించారు. చంద్రగిరి చిత్తూరు లోక్‌సభలో ఉంటూ తిరుపతి జిల్లాలో చేరింది. కుప్పం అదే సమయంలో రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. 2025 చివరలో జరిగిన జిల్లాల మార్పుల్లో జిల్లా కేంద్రం హోదా మదనపల్లెకు దక్కింది. దీంతో కలెక్టరు కార్యాలయం పడమటికి వచ్చింది. లోక్‌సభ హద్దులు మాత్రం 2008లో గీసినవే.

ఆ హద్దులు ఎప్పుడు మారతాయన్నది ఢిల్లీలో తేలవలసిన విషయం. 1976లో 42వ రాజ్యాంగ సవరణ లోక్‌సభ స్థానాల సంఖ్యను 1971 జనాభా లెక్కల వద్ద నిలిపివేసింది. 2001 నాటి 84వ సవరణ ఆ నిలుపుదలను 2026 తరువాత జరిగే తొలి జనగణన వరకు పొడిగించింది. 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టంలో శాసనసభ స్థానాలను 175 నుంచి 225కు పెంచే వీలు కల్పించినా, జనగణనకు ముందే ఆ పెంపు చేపట్టాలన్న అభ్యర్థనను 2025 జులైలో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. 2024 ఎన్నికల నాటికి మదనపల్లె, పుంగనూరు ఓటర్లు రాజంపేట లోక్‌సభ జాబితాలోనూ, కుప్పం ఓటర్లు చిత్తూరు లోక్‌సభ జాబితాలోనూ ఉన్నారు.